చూడక్కర్లేని గది

మేడమీద ట్యాంకు దగ్గర గొంతుక్కూర్చుని ప్లంబరు వాల్వు పిడిని అరచుట్టు తిప్పాడు. అంతకన్నా తిప్పలేదు. పూర్తిగా తెరిస్తే కింద తన గది గోడలో కారే నీళ్ళ జోరు పెరుగుతుంది. ఆ సంగతి తెలిసినవాడు ఆ భవనంలో అతనొక్కడే. నీళ్ళు సన్నగా వస్తున్నాయని పై వాటాలవాళ్ళు పదకొండేళ్ళుగా సణుగుతున్నారు. పాత పైపులు, అంతే వస్తాయని అతను పదకొండేళ్ళుగా చెబుతున్నాడు.

అరవై నాలుగేళ్ళ మనిషి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి నల్లగా ఉండిపోయింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు. ఎవరైనా చెయ్యి అందిస్తే విసుక్కుంటాడు.

నాలుగు వాటాల భవనం. యజమాని అమ్మేస్తున్నాడు. రేపు రిజిస్ట్రేషను. కొనే మనిషి ఈ రోజు చివరిసారి చూసుకోవడానికి వస్తోంది. పైపుల సంగతి ప్లంబరునే అడగమని యజమాని ఆమెకు చెప్పాడట. గోడ సంగతి యజమానికీ తెలియదు. తెలిస్తే పగలగొట్టాలి. పగలగొడితే కింది గదిలో ఉన్నవాడు ఖాళీ చెయ్యాలి. పక్క వాటా ఇస్త్రీవాడిని అలాగే రెండు నెలలని చెప్పి లేపారు. బాగు చేశాక ఆ వాటాలోకి వేరేవాళ్ళు వచ్చారు. ఇస్త్రీవాడు రాలేదు.

కొనే మనిషి తొమ్మిదింటికి వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. ముప్పై అయిదుంటాయి. పన్నెండేళ్ళ జీతం కూడబెట్టి, పైన బ్యాంకు అప్పు చేసి కొంటోంది. చేతిలో నోటు పుస్తకం. ఏమేం చూడాలో వరస నంబర్లు వేసి రాసుకొచ్చింది.

“వీడియోల్లో చూసి రాసుకున్నాను బాబాయ్” అంది.

“ఆ వీడియో తీసినవాడికి సొంతిల్లుందా?”

నర్సు నవ్వింది. అతను నవ్వలేదు.

మీటర్లు చూపించాడు. వాటాకొక మీటరు లేకపోతే అద్దెకున్నవాళ్ళ మధ్య తగవు తీర్చడంతోనే సరిపోతుందన్నాడు. ఒక గోడకే కొత్త రంగు కనబడితే అక్కడ వేలితో నొక్కి చూడమన్నాడు. వర్షం వెలిసిన మర్నాడు మేడ ఎక్కమన్నాడు. ఇంటిని గురించి అమ్మేవాణ్ణి కాదు, అందులో ఉంటున్నవాళ్ళని అడగమన్నాడు. ఆమె గబగబా రాసుకుంది.

పై వాటాలో కుళాయిలన్నీ ఒకేసారి తిప్పమన్నది అతనే. అలవాటుకొద్దీ అనేశాడు. అన్న తరవాత నాలుక కరుచుకున్నాడు. నీళ్ళు దారంలా వచ్చాయి.

“ఎందుకిలా?”

“పాత పైపులు” అన్నాడు. ఆమె నమ్మి, అదే రాసుకుంది. అతను ఆ పుస్తకం వైపు కాసేపు చూశాడు.

చివరికి కింద అతని గది గుమ్మం దగ్గరికి వచ్చారు. నర్సు పుస్తకం మూసేసింది.

“మీ గది చూడక్కర్లేదులే బాబాయ్. ప్లంబరు గదిలో లీకులుంటాయా?”

యజమాని కూడా అదే అనేవాడు. ఇన్నేళ్ళూ అతన్ని కాపాడింది ఆ మాటే.

పదకొండేళ్ళ కిందట, గోడ చల్లగా ఉంటోందని మొదట అన్నది అతని భార్య. అతను చెవి ఆనించి విన్నాడు. లోపల సన్నగా, ఆగకుండా కారుతోంది. మేడమీది ట్యాంకు నుంచి అన్ని వాటాలకూ నీళ్ళు దించే పైపు అది. ఎవరికీ తెలియకుండా బాగు చెయ్యడం కుదరదు. చలికాలం కదా అని భార్యకు చెప్పి, బీరువాని ఆ గోడకు జరిపాడు. మంచం వెయ్యడానికి ఇంకో చోటు లేదు, బీరువా పక్కనే వేశారు. రెండో ఏడు ఆమెకు దగ్గు పట్టుకుంది. ఇంట్లో చెమ్మ ఉందా అని డాక్టరు అడిగాడు. లేదన్నాడు. ఆమె మొగుడి మొహంలోకి చూసింది. ఇంటికొచ్చాక కూడా గోడ మాట ఎత్తలేదు. ఆ తరవాత రెండేళ్ళు బతికింది.

ప్లంబరు తలుపు తీసి పట్టుకున్నాడు.

“చూడక్కర్లేదనుకున్న గదే ముందు చూడాలి. రాసుకో.”

లోపలికి వెళ్ళి బీరువాకు భుజం ఆనించి నెట్టాడు. కర్రుమంటూ జరిగింది. వెనక గోడ నడుమెత్తు దాకా నల్లగా ఉంది. నల్లగోరుతో నొక్కాడు. సున్నం, ఇసుక తడి ముద్దలా ఊడి పడ్డాయి. వెనకున్న ఇటుక వేలికే పొడైంది.

పైపు ఎక్కడ పగిలిందో, ఎన్నాళ్ళయిందో, నీళ్ళెందుకు సన్నగా వస్తున్నాయో అంతా చెప్పాడు. నర్సు మంచం మీద కూర్చుండిపోయింది.

“ఈ మంచం మీద ఎవరు పడుకునేవారు?”

“మా ఆవిడ.”

“దగ్గుండేదా?”

“ఉండేది.”

ఆమె అది పుస్తకంలో రాసుకోలేదు.

కాసేపటికి బయటికి వెళ్ళి యజమానికి ఫోను చేసింది. గోడకయ్యే ఖర్చు ధరలో తగ్గించకపోతే రేపు రానంది. యజమాని చాలాసేపు అరిచాడు. ఫోను ప్లంబరుకి ఇమ్మన్నాడు. ప్లంబరు ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకుని, అవును తెలుసు, తెలిసే దాచాను అన్నాడు. సాయంత్రానికి గది ఖాళీ చెయ్యమన్నాడు యజమాని. చేస్తానన్నాడు.

చివరికి యజమాని ధర తగ్గించడానికి ఒప్పుకున్నాడు. నర్సు పమిట చెంగుతో మొహం తుడుచుకుంది.

“ఇది తెలియకుండా రేపు సంతకం పెట్టేస్తే మునిగిపోయేదాన్ని” అంది.

ప్లంబరు మేడెక్కి వాల్వు పూర్తిగా కట్టేశాడు. గదిలోకి వచ్చి నిలబడ్డాడు. గోడలో చప్పుడు లేదు. చాలాసేపు విన్నాడు. అయినా లేదు. అప్పుడతనికి ఆకలి తెలిసింది. వీధి చివర కొట్లో టీ తాగుతూ రెండు బన్నులు తిన్నాడు. మూడోది అడిగాడు.

అతను సామాను కొనే పైపుల కొట్టువాడికి గోదాము వెనక ఒక గది ఉంది. ప్లంబరు భార్య పోయినప్పటి నుంచీ, వచ్చి ఉండమని పిలుస్తున్నాడు. ఇప్పుడు వస్తానంటే, తెలివి రావడానికి ఇన్నేళ్ళు పట్టిందా అని తిట్టి ట్రాలీ ఆటో పంపాడు.

సామాను ఎక్కిస్తుంటే పై వాటా డ్రైవరు పెళ్ళాం మెట్ల మీద నుంచి వంగి చూసింది.

“ఏంటన్నయ్యా, ఇన్నాళ్ళూ నీళ్ళు సన్నగానైనా వచ్చేవి. ఇవాళ అసలు లేవు.”

“నాలుగు రోజులు ఓపిక పట్టమ్మా. ఆ తరవాత బక్కెట్టు నిండేదాకా చూస్తూ నిలబడక్కర్లేదు.”

నర్సు గుమ్మంలో నిలబడింది. గోడ బాగయ్యాక ఈ గది మళ్ళీ మీకే ఇస్తానంది.

“వద్దమ్మా. జాలిపడి ఎవరికీ ఇవ్వకు. ఎవరికిచ్చినా కాగితం రాయించుకో. ఏదైనా పాడైతే చెప్పమను. చెప్పినందుకు లేపనని ముందే చెప్పు. లేకపోతే నీకూ నాలాంటివాళ్ళే దొరుకుతారు.”

తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆటో వెనక, బీరువాకూ మంచానికీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. ఆ తరవాత కూడా చూడలేదు. ఆటో గతుకుల్లో పడి ఎగురుతుంటే బీరువాకు తల ఆనించి నిద్రపోయాడు.

నర్సు ఖాళీ గదిలోకి వెళ్ళి కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. కిటికీ గట్టు మీద దగ్గు మందు సీసా తాలూకు కొలత మూత ఉంది, అందులో తుప్పు పట్టి ఒకదానికొకటి అంటుకుపోయిన రెండు పిన్నీసులు.