మూడో పేజీలో లేని మాట

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి సూక్రే పట్టణంలోని పాత పత్రికల భాండాగారంలో నిల్దా ఉర్కీసో 1929 ఆగస్టు పద్నాలుగో తేదీ పేపరు తెరిచింది. మూడో పేజీలో ఆమెకి కావలసిన వాక్యం లేదు.

కొవ్వొత్తుల ప్రకటన ఉంది. గొర్రెల వేలం ఉంది. ఒక వకీలు పెళ్ళి వార్త ఉంది. రొట్టెలు కాల్చే ఆడవాళ్ళ సమ్మె గురించి రెండు లైన్లున్నాయి: పొయ్యిలు ఆపారని, మళ్ళీ వెలిగించారని. "పొయ్యిలు మీవి, చేతులు మావి" అని వాళ్ళలో ఒకావిడ యజమానితో అన్నట్టు ఎక్కడా లేదు.

నిల్దా థీసిస్‌లో మూడో అధ్యాయం ఆ మాట మీదే నిలబడింది. ఫుట్‌నోట్‌లో పేపరు పేరు, తేదీ, పేజీ రాసింది. పేపరు మాత్రం చూడలేదు. ఆమె గైడు డాక్టర్ ఎవారిస్తో పొర్సెల్ ముప్పై ఏళ్ళ కిందటి తన పుస్తకంలో అలాగే రాశారు. ఆమె దించుకుంది. నిన్న బయటి పరీక్షకురాలు ఒక్కటే అడిగింది, ఆ పేజీ ఫొటో జతచేయమని. థీసిస్ ఇవ్వడానికి ఈ సాయంత్రమే ఆఖరు. గడువు ఇప్పటికే పొడిగించారు. మళ్ళీ పొడిగించరు, జాబితాలోంచి పేరు కొట్టేస్తారు.

ఆమె పద్నాలుగు నుంచి వెనక్కి వెళ్ళింది, తర్వాత ముందుకి. నెలాఖరుదాకా చూసింది. కట్టలు మోసే ప్లాసిదో బల్ల పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఎన్నిసార్లు తిప్పినా ఆ పేపరు మీ కోసం మారదు టీచరమ్మా."

"ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా అన్నా?"

"ఇదొక్కటే. ఇది చూశామని రాసిన పుస్తకాలు మాత్రం చాలా ఉన్నాయి. నేను వచ్చాక దీని కట్టు విప్పమన్నది మీరే."

నిల్దా కొండమీది బడిలో చరిత్ర చెబుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మెట్లు పరుగున ఎక్కేది. ఇప్పుడు సగంలో ఆగి మోకాలు పట్టుకుంటుంది. ఎమ్మే క్లాసులకి శనివారాలు వెళ్ళింది. థీసిస్‌ని టీచర్ల గదిలో, దిద్దాల్సిన పరీక్ష పేపర్లు పక్కకి నెట్టి రాసింది. పొతొసీ రూటులో లారీ నడిపే భర్త ఇంట్లో ఉన్న రోజు, "ఇంకా ఆ చుక్కలూ కామాలేనా?" అనేవాడు. డిగ్రీ చేతికొస్తే కింద ఊళ్ళోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఖాళీకి ఆమె అర్హురాలవుతుంది. రాకపోతే మెట్లే.

పొర్సెల్ డెబ్బై దాటిన మనిషి. ఆమె థీసిస్ వినే మండలికి ఆయనే అధ్యక్షుడు. నిల్దా వెళ్ళేసరికి ఇంటి నడవాలో కూర్చుని, రసం చొక్కా మీద పడకుండా ముందుకి వంగి, మాంసం కూరిన సాల్తేన్యా తింటున్నారు. ఆమెకీ ఒకటి ఇచ్చారు. ఆమె దాన్ని చేతిలోనే పట్టుకుంది.

"పేపర్లో లేదు డాక్టర్‌గారూ."

తేదీ తప్పు పడి ఉంటుందన్నారు. నెలంతా చూశానని చెప్పింది. ఆయన వేళ్ళు తుడుచుకున్నారు. 'పొర్సెల్ ఉటంకించినట్టు' అని రాసెయ్యమన్నారు. అప్పుడు బరువు తన మీద పడుతుందని, మండలిలో ఎవరూ నోరెత్తరని అన్నారు. అది నియమాలు ఒప్పుకునే పద్ధతే. పరీక్షకురాలు కూడా కాదనడానికి వీల్లేదు.

"అలాగే రాస్తాను. మీరెక్కడ చూశారో చెప్పండి."

ఆయనా పేపర్లో చూడలేదట. సతుర్నీనా అనే ముసలావిడ వాళ్ళింటికి రొట్టెలు తెచ్చేది. పడుచుతనంలో ఆ సమ్మెలో ఉంది. యజమానితో ఆ మాట అన్నది తనేనని వంటగది గుమ్మంలో నిలబడి ఆయనకి చెప్పింది.

"రొట్టెలమ్మే ఆవిడ నోటిమాట ఫుట్‌నోట్‌లో పెడితే అప్పట్లో నవ్వేవాళ్ళు. పేపరంటే నమ్మారు," అన్నారు.

"ఇప్పుడు పెట్టొచ్చు కదండీ."

"నువ్వు పెట్టొచ్చు. పెడితే నేను మండలి కుర్చీలో కూర్చోలేనమ్మాయ్. నేను లేకపోతే నీ థీసిస్ ఎవరు వింటారు?"

ఆమె సాల్తేన్యాని పళ్ళెంలో పెట్టి లేచింది.

యూనివర్సిటీ ఎదురుగా బైండింగు చేసే రొసెందా దుకాణంలో కంప్యూటరు ముందు చాలాసేపు కూర్చుంది. ఫుట్‌నోట్ రెండు రకాలుగా టైపు చేసింది. మొదటిది పొట్టిది, ఎవరికీ ఇబ్బంది లేనిది. రొసెందా వెనకనుంచి తొంగిచూసింది.

"నువ్వు తేల్చుకుంటే నేను జిగురు వేడి పెడతానే. వాయిదా వెయ్యడానికి ఇది కోర్టు కాదు."

నిల్దా పొట్టిది చెరిపేసి, పొర్సెల్‌కి ఫోన్ చేసి మిగిలినదాన్ని చదివింది: సతుర్నీనా, ఇంటిపేరు తెలియదు, రొట్టెల కార్మికురాలు, ఎవారిస్తో పొర్సెల్‌తో చెప్పిన మాట, ఈ సంగతి పొర్సెల్ రచయిత్రికి చెప్పారు, 1929 ఆగస్టు పేపర్లలో ఈ మాట దొరకలేదు.

అవతలినుంచి మొదటి మాటలు మళ్ళీ చదవమన్నారు. చదివింది.

"'ఇంటిపేరు తెలియదు' అన్నది తీసెయ్," అన్నారాయన. "చుంగారా. సతుర్నీనా చుంగారా. రాసుకున్నావా?"

రాసుకున్నానంది. ఆయన పెట్టేశారు.

యూనివర్సిటీ ఆఫీసు మూసేముందు నిల్దా థీసిస్ కాపీలు అందజేసింది. జిగురు ఇంకా వెచ్చగా ఉంది. గుమస్తా రసీదు మీద ముద్ర వేసింది. మండలి థీసిస్ వినే తేదీ రాయాల్సిన చోట ఖాళీ వదిలింది. డాక్టర్ పొర్సెల్ ఇప్పుడే వచ్చి మండలినుంచి తప్పుకుంటున్నట్టు రాసిచ్చి వెళ్ళారని, అధ్యక్షుడిగా ఇంకెవరినీ వెయ్యలేదని చెప్పింది.

గుమస్తా బల్ల మీద, ముద్ర డబ్బా పక్కన, ఆయన తిరిగిచ్చేసిన యూనివర్సిటీ గది తాళంచెవి ఉంది.