ఏడో కిరణం

టీ పోయడానికి ఒక పద్ధతి ఉంది. కప్పులన్నీ వరసగా పెట్టుకుని, ఒక్కోదాంట్లో కొంచెం కొంచెం పోసుకుంటూ చివరిదాకా వెళ్ళాలి. మళ్ళీ ఆ చివరి కప్పు నుంచి పోసుకుంటూ మొదటిదాకా వెనక్కి రావాలి. అప్పుడే అన్నిట్లోనూ రంగు ఒకటిగా ఉంటుంది, ఒకరికి పలచగానూ ఒకరికి చేదుగానూ అవదు. ఆ రోజు టోక్యో నుంచి వచ్చిన ప్రభుత్వ అతిథుల కోసం నేనలా పోస్తుంటే మా ప్రొఫెసర్ కురహాషి నా వెనకే వచ్చి నిలబడి, “చూశారా, మా లేజర్ కూడా ఇంతే. పన్నెండు కిరణాలూ సమానంగా పడాలి. మా ఇనోకుమా గారి టీ లాగా!” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పన్నెండు కిరణాల్నీ సమానంగా పడేట్టు చేసేది కూడా ఈ ఇనోకుమాయేనని ఆయన అనలేదు. అంటారేమోనని కప్పులు అందిస్తూ చెవులు రిక్కించుకుని ఉన్నాను. నా చెవులకి సిగ్గు లేదు.

ఇనోకుమా మా ఆయన ఇంటిపేరు. పెళ్ళయిన మర్నాటి నుంచీ ప్రయోగశాలలో అందరూ నన్నలాగే పిలుస్తున్నారు. నా పేరు కోజుయే. ఆ పేరుతో పిలిచేది ఇప్పుడు మా అత్తగారొక్కరే. అదీ “కోజుయే-సాన్” అని, పక్కింటావిడని పిలిచినంత మర్యాదగా. ఇన్నేళ్ళయినా నేను ఈ ఇంటి మనిషిని కాలేదని ఆ మర్యాదతోనే గుర్తు చేస్తుంటారు. మా ఆయన నవోయుకికి అసలు పేరుతో పనిలేదు. “ఏమోయ్” అంటాడు. ఏమోయ్, టీ. ఏమోయ్, స్నానం. ఏమోయ్, అన్నం. రైస్ కుక్కర్లు చేసే కంపెనీలో అమ్మకాలు చూస్తాడు. ఊరందరి దగ్గరా తియ్యగా మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చేసరికి ఆ మూడు మాటలే మిగులుతాయి కాబోలు.

ఇదంతా ఎనభైల చివర్లో మాట. ఒసాకాకి ఉత్తరాన, వెదురు పొదలున్న కొండ కింద మా ప్రయోగశాల. సూర్యుడి కడుపులో జరిగేదాన్ని ఒక గాజు బుడగలో జరిపించాలని మా తాపత్రయం. ఆ బుడగ ఆవగింజలో సగం కూడా ఉండదు. లోపల హైడ్రోజన్ వాయువు. వెంట్రుక కన్నా సన్నని గాజు కాడ చివర దాన్ని అతికించి, పెద్ద ఇనప గోళం మధ్యలో నిలబెడతాం. పన్నెండు వైపుల నుంచి పన్నెండు కిరణాలు ఒక్కసారిగా వచ్చి దాన్ని నొక్కాలి. ఒక్కటి పక్కకి జరిగినా బుడగ పిడికిట్లో నుంచి సబ్బు జారినట్టు జారిపోతుంది, నెలల తరబడి చేసిన పని బూడిద. ఆ ఒక్క పేల్పుని మేం షాట్ అంటాం. అంతా రెప్పపాటులో అయిపోతుంది. రెప్పపాటంటే కూడా చాలా ఎక్కువ.

నా పని ఆ రెప్పపాటుకి ముందు. అసలు కిరణం నడిచే దారిలోనే ఒక బలహీనమైన ఎర్రటి కిరణాన్ని పంపి, అది బుడగ మీద సరిగ్గా కూర్చునేదాకా అద్దాల్ని నలుసంత నలుసంత తిప్పుతూ ఉండాలి. ఒకదాని తరవాత ఒకటి, పన్నెండూ. సగం రోజు పడుతుంది. తెల్లటి దుస్తులు, టోపీ, ముక్కుకి గుడ్డ. మొహానికి పౌడరు రాసుకోకూడదు, ఆ దుమ్ము కూడా కటకాల్ని కాలుస్తుంది. ఆ హాల్లో నేనొక్కదాన్నే ఉంటాను. నాతో ఎవరూ మాట్లాడరు, నేనూ ఎవరితోనూ మాట్లాడను. మొదట్లో అది గొప్ప సుఖంగా ఉండేది. ఇంట్లో కూడా నాతో ఎవరూ మాట్లాడరన్న సంగతి తెలిసొచ్చాక ఆ సుఖం కొంచెం తగ్గింది.

పని పూర్తయ్యాక హాల్లోకి ఎవరూ రాకూడదు. ఒక మనిషి ఒంటి వేడి చాలు, గాలి కదిలి అద్దాలు ఒక పిసరు పక్కకి ఒరగడానికి. తరవాత కంట్రోల్ రూములో నేను, కిరణానికొకటిగా ఉన్న టీవీ తెరల ముందు నిలబడి ఒక్కో కిరణాన్నీ వేలితో చూపించి గట్టిగా పిలవాలి. రైలు డ్రైవర్లు సిగ్నల్ని చూపించి అరుస్తారు చూడండి, అలాగన్నమాట. “ఒకటో కిరణం, బాగుంది!” అని నేనంటే, మీట దగ్గర కూర్చున్న సెగావా అదే మాటని తిరిగి అంటాడు. పన్నెండూ పిలిచాకే విద్యుత్తు నింపడం మొదలవుతుంది. సెగావాకి ఈ పని నేర్పింది నేనే. ఇప్పుడతను నాకు పై అధికారి. మంచివాడే. మొదట్లో ఆ పిలుపుకి సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. ఇంట్లో ఎప్పుడూ దానితో అవసరం పడలేదు.

ఇంట్లో నేను చేసేది కూడా ఇలాంటి పనే. బాగా చేస్తే కనిపించదు. చొక్కాకి గుండీ ఉంటే ఎవరూ చూడరు, లేకపోతే “ఏమోయ్!” వినిపిస్తుంది. స్నానాల తొట్టిలో అందరికీ అవే నీళ్ళు, ముందు నవోయుకి దిగుతాడు, తరవాత అత్తగారు, ఆఖర్న నేను. నా వంతు వచ్చేసరికి నీళ్ళు చల్లారిపోయి ఉంటాయి. ఒకసారి నీళ్ళ వేడి కాస్త తగ్గిందని నవోయుకి, “అక్కడేమో సూర్యుణ్ణి వెలిగిస్తుందట, ఇక్కడ మా అమ్మకి గోరువెచ్చటి నీళ్ళకి దిక్కులేదు” అని నవ్వాడు. అత్తగారికి ఆ జోకు నచ్చింది. ఇరుగుపొరుగు వాళ్ళకి కూడా చెప్పారు. వాళ్ళెవరైనా “మీ కోడలు ఏం పని చేస్తుందండీ?” అంటే, “యూనివర్సిటీలో అద్దాలు తుడుస్తుందండీ. దానికి డిగ్రీ ఎందుకో మరి!” అంటారు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నాకు పిల్లలు నిలవలేదు. రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చినరోజు నాకు అన్నం వడ్డిస్తూ, “ఆ వెలుతురు ముందు పొద్దస్తమానం నిలబడితే ఏ కడుపు పండుతుంది, కోజుయే-సాన్?” అన్నారు. చాలా మెల్లగా అన్నారు. నవోయుకి పేపరు చదువుకుంటున్నాడు. ఒక పేజీ తిప్పాడు. ఆ పేజీ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మళ్ళీ ఆ రోజులోకి వస్తాను. పొద్దున్నే హాల్లోకి వెళ్ళి, మధ్యాహ్నానికి పన్నెండు కిరణాల్నీ కూర్చోబెట్టి బయటికొచ్చాను. అతిథుల ఎదట షాట్ పేలాలి. వచ్చే ఏడాది ప్రభుత్వం ఇచ్చే డబ్బంతా దాని మీదే ఉందని ప్రొఫెసర్ వారం నుంచీ నిద్రపోలేదు. నేను తెల్ల దుస్తులు విప్పి, జుట్టు దువ్వుకుని, టీ పోశాను. కుర్రవాళ్ళు చాలామంది ఖాళీగానే ఉన్నారు. “మీరు పోస్తే ఆ కళే వేరు” అన్నారు ప్రొఫెసర్. పోశాక కప్పులు కడగాలి కదా. కడిగి, తుడిచి, బోర్లించి కంట్రోల్ రూముకి వచ్చేసరికి హాలు తలుపు మీది దీపం ఎర్రగా వెలుగుతోంది. లోపల మనుషులున్నారు. కిటికీలోంచి చూస్తే అతిథులంతా ఇనప గోళం పక్కన నిలబడి ఫొటో దిగుతున్నారు. ఫొటో కోసం పెద్ద దీపాలు కూడా పెట్టారు. మధ్యలో ప్రొఫెసర్, పెళ్ళికొడుకులా.

వాళ్ళు బయటికొచ్చాక ప్రొఫెసర్ని పక్కకి పిలిచి, “సార్, మళ్ళీ చూడాలి. రెండు గంటలు పడుతుంది” అన్నాను.

“రెండు గంటలా! వాళ్ళ రైలు వెళ్ళిపోతుంది. ఎంతసేపున్నాం లోపల? ఊరికే తొంగిచూసి వచ్చాం. పొద్దున మీరు చూసేశారుగా, మీ చేతికి తిరుగేముంది! వెళ్ళి పిలిచెయ్యండి.”

పొగిడి పని చేయించుకోవడం మగవాళ్ళకి ఎవరు నేర్పుతారో తెలీదు. అతిథులు గాజు గోడకి అవతల కుర్చీల్లో కూర్చున్నారు. నేను తెరల ముందు నిలబడ్డాను. ఒకటో కిరణం, బాగుంది. సెగావా తిరిగి అన్నాడు. రెండోది, మూడోది బాగున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది, అనవసరంగా భయపడ్డానేమో అనుకున్నాను. ఆరోదాకా అలాగే సాగింది. ఏడో కిరణం దారి తలుపు పక్కనుంచి వెళ్తుంది. తెర మీద ఎర్ర మచ్చ బుడగ మధ్యలో లేదు. అంచుకి జరిగి కూర్చుంది. మరీ అంత ఎక్కువేం కాదు. తెలియనివాళ్ళకి తేడా కనిపించదు. వేలు ఎత్తి చూపించాను. నోరు తెరిచాను. మాట బయటికి రాలేదు.

“ఏడో కిరణం, బాగుంది!” అన్నాడు సెగావా.

అలవాటు. నేను వేలెత్తితే చాలు, మాట అయిపోయినట్టే అతనికి. ఇన్నేళ్ళుగా నేనెప్పుడూ ఇంకో మాట అనలేదు మరి. అందరూ ఎనిమిదో తెర వైపు తల తిప్పారు. నేను కూడా తిప్పితే సరిపోయేది. ఎవరూ నన్ను ఏమీ అనరు, షాట్ పాడైనా బుడగదే తప్పంటారు, లేకపోతే వాతావరణానిదంటారు. అయినా ఆ వేలు దించలేకపోయాను.

“నేను అనలేదు” అన్నాను.

సెగావా అయోమయంగా చూశాడు. “మీరు... అన్నారు కదండీ?”

“అనలేదు. మీరన్నారు. ఏడో కిరణం బాగాలేదు.” నా పిలుపు గొంతుతోనే అన్నాను. అతిథుల్లో ఒకాయన గాజు గోడకి దగ్గరగా జరిగాడు.

ప్రొఫెసర్ నా పక్కకొచ్చి నవ్వుమొహంతోనే, పళ్ళ సందునుంచి, “ఇనోకుమా గారూ, సెగావా పిలిచాడు, అది చాలు. మిగతావి కానివ్వండి” అన్నారు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. ఆయన అతిథుల వైపు తిరిగి, “యంత్రాలు కూడా పెద్దమనుషుల్ని చూస్తే సిగ్గుపడతాయండీ!” అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాళ్ళు రైలుకి వెళ్ళిపోయారు. వాళ్ళ కార్లకి వంగి దణ్ణాలు పెట్టే వరసలో నన్ను నిలబడమని ఎవరూ అనలేదు.

నేను చేసింది సరైనదేనా అంటే చెప్పలేను. అలాగే పేల్చి ఉంటే బాగానే పేలేదేమో. అది ఎవరికీ ఎప్పటికీ తెలీదు. నా పనిలో ఉన్న శాపం ఇదే, తప్పిపోయిన ఆపదని ఎవరికీ చూపించలేం. సెగావా వెళ్తూ వెళ్తూ, “సారీ అండీ. రోజూ అంటారు కదా, అనే ఉంటారనుకున్నాను” అన్నాడు. ఇంకెవరూ నాతో మాట్లాడలేదు. ఇంటికెళ్ళే రైల్లో నాకు సీటు దొరికింది. పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది. ఎవరైనా వచ్చి కూర్చుంటే బాగుండునని అనిపించింది. ఎవరైనా సరే, నిద్రపోతూ నా భుజం మీద వాలినా సరే.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. గుమ్మంలో నవోయుకి బూట్లు ఉన్నాయి. అతను ఆ వేళకి ఇంట్లో ఉండటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. అత్తగారి పక్కన, బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

“మీ ప్రొఫెసర్ మా ఆఫీసుకి ఫోన్ చేశారు” అన్నాడు. “నువ్వు బాగా అలిసిపోయినట్టున్నావు, ఇంట్లో ఏమన్నా ఇబ్బందా అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఫోన్ పట్టుకునే వంగి వంగి క్షమాపణ చెప్పాను, మా సెక్షన్ అంతా చూస్తుండగా. నీ తరఫునే చెప్పాను. నువ్వు చాలా బాధపడుతున్నావని చెప్పాను.”

“నాతో మాట్లాడకుండానే?”

“ఇంకేం మాట్లాడాలి? మార్చి ఆఖరుకి మానేస్తుందని కూడా చెప్పేశాను. అమ్మ మోకాళ్ళ నొప్పులకి కూడా మనిషి కావాలి. పాపం ఆయన మర్యాదస్తుడు, చాలా తేలికపడ్డారు.”

“మంచి పని చేశావు నాయనా” అన్నారు అత్తగారు. “కోజుయే-సాన్‌కి కూడా విశ్రాంతి.”

“నన్ను అడగలేదు నువ్వు.”

నవోయుకి నిజంగానే ఆశ్చర్యపోయాడు. అతను చెడ్డవాడు కాదు, అదే నా కష్టం. “అడిగితే ఏమంటావు? సరేనంటావు. ఎప్పుడన్నా కాదన్నావా?”

అనలేదు. అబద్ధం చెప్పను, ఒక్కసారి కూడా అనలేదు. వేలెత్తితే చాలు, నా మాట వాళ్ళే అనేసుకున్నారు, నేనూ అననిచ్చాను. ఆ గదిలో మేం ముగ్గురం ఉన్నాం, అందులో నా పక్షాన ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ నేను కూడా లేను. ఆ సంగతి తెలిసినప్పుడు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.

నడవలోకి వెళ్ళి ఫోన్ తీశాను. ప్రొఫెసర్ ఇంటికి ఫోన్ చెయ్యడం ఎంత అమర్యాదో నాకు తెలుసు. వెనక నుంచి నవోయుకి “ఏమోయ్” అన్నాడు. నేను నంబరు తిప్పుతూనే ఉన్నాను. అవతల ఒక ఆడగొంతు ఎత్తింది. ఆయన భార్య. నేనెప్పుడూ చూడలేదామెని, పేరు కూడా తెలీదు. ప్రయోగశాలలో ఎవరికీ తెలీదు.

“ఆయన స్నానానికి వెళ్ళారండీ. ఏమని చెప్పమంటారు?”

చెప్పాను. ఆమె వెనక కుళాయి కారుతున్నట్టుంది, దాన్ని కట్టేశారు. ఫోన్ పెట్టేస్తారేమో అనుకున్నాను.

“ఆ చివరి రెండు మాటలూ మళ్ళీ చెప్పండి” అన్నారామె, గొంతు తగ్గించి. “మీరన్నది అన్నట్టుగానే చెబుతాను. నా మాటలు కలపను.”

మళ్ళీ చెప్పాను. ఈసారి పక్క గదిలోకి కూడా వినపడేలా చెప్పాను.

“క్షమాపణ నేను చెప్పలేదు. ఏప్రిల్‌లో కూడా పనికి వస్తాను.”