రేవుపేట బడి గేటు పగ

నేను ఒక ఇనప గేటుని. రేవుపేట మున్సిపల్ బడికి ఇంకా పెంకుల కప్పు ఉన్న రోజుల్లో, పడవల షెడ్డులోని కమ్మరి మిగిలిన ఊచలు అతికించి నన్ను చేశాడు. తుపాను వస్తే పేటంతా నాలోంచే పరుగెత్తి బడిలో తలదాచుకునేది. ఎన్నికలొస్తే నాయకులూ నాలోంచే నవ్వుతూ వచ్చేవారు. ఆ నవ్వు ఓట్లు పడేదాకానే.

నాలో పగ రగిలించినవాడు డ్రిల్లు మాస్టారు దశరథరామయ్య. నూకరత్నం అనే పిల్ల పొద్దున్నే తల్లితో చేపలమ్మి, ప్రార్థన అయ్యాక రొప్పుతూ వచ్చేది. ఆయన ఆ పిల్ల ముఖం మీదే నన్ను మూసేవాడు.

"చేపల కంపుతో నీకు చదువెందుకే? పోయి బుట్ట మోసుకో!"

నూకరత్నం ఏడ్చేది కాదు. నా ఊచలు పట్టుకుని, లోపల చెబుతున్న ఎక్కాలకు బయటే పెదాలు కదిపేది. ఆ వానాకాలం దాటాక ఇక రాలేదు. నన్ను ఆయుధంగా వాడుకున్న ఆ చేతిని నేను మరిచిపోలేదు.

మాస్టారు రిటైరయ్యాక ఆయన కొడుకు ఫణీంద్ర ఎదురుగానే కాన్వెంటు తెరిచాడు. టైలూ, బూట్లూ, పచ్చ బస్సులూ చూసి పేట పిల్లలంతా అటే పోయారు. "పిల్లల్లేని బడి ఎందుకండీ, మూసేయండి" అంటూ అతను ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఈ స్థలంలో తన బస్సులు నిలుపుకోవాలని ఆశ. టేపులు పట్టుకుని మనుషులు కొలతలకు వచ్చిన రోజున, ఇప్పుడు రేవులో చేపల వేలంపాట నడిపే నూకరత్నం నన్ను తోసుకుని లోపలికి వచ్చింది. ఖాళీ గదులన్నీ చూసి, పళ్లు బిగించి వెళ్లింది.

పిల్లల్ని కాన్వెంటు మాన్పించి ఈ బడికే పంపమని ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగిందట. "నన్ను గెంటినోళ్ల ఇంట్లో దీపం మన కష్టంతో ఎలగాలేటి?" అని అడిగిందట. ఆడవాళ్లను వెంటేసుకుని మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద బైఠాయించి, బడికి కొత్త టీచర్లను వేయించింది. జూన్ వచ్చేసరికి కాన్వెంటు వెలవెలబోయింది. మా గదులు కిక్కిరిశాయి.

ఒకరోజు మాస్టారు కర్ర పొడుచుకుంటూ వచ్చి నా పక్కనే ఆమెను ఆపాడు.

"అమ్మా నూకరత్నం, కోపముంటే నన్ను తిట్టు. మావాడి పొట్ట కొట్టకు. సగం మంది పిల్లలనైనా వదిలెయ్."

"తిడితే నా కోపం పోద్దండి మాస్టారూ. పోనివ్వను. ఒక్క పిల్లనీ వదల్ను."

ఆయన తల వంచుకుని వెళుతుంటే నాకు జాలి కలుగుతుందేమోనని చూసుకున్నాను. కలగలేదు.

కాన్వెంటు బోర్డు దించేశారు. పిల్లలు ఎక్కువై నా వెడల్పు చాలక, నన్నూ పీకి వంటషెడ్డు వెనక పడేశారు. తుప్పు పడుతున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ గోడ అవతల మాస్టారి కర్ర చప్పుడు వినిపించినప్పుడల్లా, పిల్లల కంచాలు ఇంకాస్త గట్టిగా మోగితే బాగుండునని అనుకుంటాను.