మోగిందని చెప్పిన సైరన్లు

ఫేబ రాయగడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. బట్టల కొట్టు పైన మేడ మీద ఆఫీసు. కాశీపూర్ వైపు కొండల్లో ఒక జలాశయం ఉంది. దాని గేట్లు ఎత్తే ముందు దిగువన ఉన్న నాలుగు ఊళ్లలో సైరన్లు మోగాలి. వాటిని నడిపే ప్రోగ్రాం వీళ్లది. వీళ్లు రాసే జావాస్క్రిప్ట్ భాష‌లో ఆ నాలుగు సైరన్లూ నాలుగు ఆబ్జెక్టులు. కానీ ఎలా మోగాలో దేనికదే విడిగా రాయలేదు. అన్నిటికీ ఉమ్మడి మూసలాంటి ఒకే ప్రోటోటైప్‌లో మోగించే ఆదేశాలతో ‘మోగు’ అనే మెథడ్ ఉంది. పిలిచినప్పుడు నాలుగూ దాన్నే వాడుకుంటాయి.

ప్రోగ్రాం ఊళ్లకు పంపిన ఈ మూడు వారాలుగా ఫేబ రోజూ ఉదయం టెస్టు నడుపుతోంది; సైరన్లు ఊరికి వినపడనంత చిన్నగా మోగి జవాబివ్వాలి. రోజూ తెర మీద, నాలుగూ మోగాయని నాలుగు పచ్చ గీతలు వస్తున్నాయి. అంతా బాగుందనడానికి గుర్తుగా ఊళ్లలో సైరన్ స్తంభాల మీద పచ్చ లైట్లు వెలుగుతున్నాయి.

ఆ బుధవారం తెల్లవారకముందే వాన పట్టుకుంది. పదకొండింటికి ఆఫీసులో నెట్ పోయింది. ఫేబ అలవాటు కొద్దీ టెస్టు నడిపింది. నాలుగూ మోగాయని వచ్చింది.

నెట్ లేకుండా కొండల్లో సైరన్ ఎలా మోగుతుంది?

మళ్లీ నడిపింది. మళ్లీ అదే జవాబు. అసలు ప్రోగ్రాం తెరిచి చూసింది. ‘మోగు’ ఉండాల్సిన చోట ఒకే ఒక్క వరుస ఉంది. అది ఏ పనీ చేయదు, ‘మోగింది’ అని మాత్రం చెబుతుంది. ఆ వరుస తను రాసిందే. ప్రోగ్రాం ఇంకా తయారవుతున్న రోజుల్లో, టెస్టు చేసినప్పుడల్లా ఊళ్లో జనం బెదిరిపోకూడదని, అప్పటి టెస్టుల వరకే పెట్టుకుంది.

టీమ్ లీడ్ విమల్ కుమార్ వచ్చి చూశాడు.

“ఊళ్లకి పంపిన రోజు హడావిడిలో నీ టెస్టు ఫైలూ అసలు ఫైలూ కలిపి పంపేసేను” అన్నాడు.

“గేట్లు ఎప్పుడెత్తుతారు సార్?”

“ఒంటిగంటన్నరకి. నీళ్లు నిండిపోయేయి, ఇంక ఆపలేరు. నువ్వు ముందు సరిచెయ్యి. ఎవరికీ సెప్పకు.”

ఫేబ సరిచేసి, తన ఫోన్ నెట్‌తో పంపింది. మూడు ఊళ్లకు అందింది. అన్నిటికన్నా కిందున్న ఊరి నుంచి ఉలుకూ పలుకూ లేదు. అక్కడి సైరన్ కాపలాదారు కన్నయ్యకు ఫోన్ చేసింది.

“బాబాయ్, గేట్లు ఎత్తేస్తన్నారు. అందర్నీ కొండ మీద బడికి పంపించీ.”

“సైరన్ మోగలేదు కదమ్మి. పచ్చలైటు ఎలుగుతానే ఉంది.”

“ఆ లైటుని నమ్మకు.”

“అదేటమ్మి? పచ్చగుంటే బెంగలేదని నువ్వే సెప్పేవు కదా.”

“నేను సెప్పింది తప్పు బాబాయ్!”



“సరే, ఎల్తన్నాను. పొలాల్లో ఉన్నోళ్ల కోసం సేత్తో బొత్తాం కూడా నొక్కుతాను.”

“వద్దు బాబాయ్, అదీ...”

లైను తెగిపోయింది. సైరన్ స్తంభానికున్న చేతి బొత్తాం నొక్కినా నడిచేది ఏ పనీ చేయని ఆ ‘మోగు’ మెథడే. ఫేబ మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూనే ఉంది. కలవలేదు.

సాయంత్రానికి కబురొచ్చింది. పై మూడు ఊళ్లలో సైరన్లు మోగాయి. కింది ఊళ్లో కన్నయ్య ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు, ఊరంతా బడికి ఎక్కేసింది. అతను మాత్రం రాలేదు. మర్నాడు దిగువ తుప్పల్లో శవం దొరికింది.

అయిదో రోజున విమల్ కుమార్ ఒక కాగితం తెచ్చాడు. నాలుగు సైరన్లూ వేళకు మోగాయనీ, కాపలాదారు అజాగ్రత్త వల్ల చనిపోయాడనీ అందులో ఉంది.

“సంతకం పెట్టీమ్మా. ఊరు బతికింది కదా.”

“నాలుగోది మోగలేదు కదా సార్” అంది ఫేబ.

తను రాసిన ఆ ఒక్క వరుసతో సహా జరిగిందంతా వేరే కాగితం మీద రాసి, తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుంది. అక్కడి నుంచే బస్సెక్కి ఆ ఊరు వెళ్లింది.

కన్నయ్య భార్య రాజ్యం బడి వరండాలో కూర్చుని ఉంది. ఫేబ ఆమె పక్కన కూర్చుని, ఏమీ దాచకుండా చెప్పింది.

“మేం పైనుంచి సూస్తానే ఉన్నాం” అంది రాజ్యం. “మోకాల్లోతు నీళ్లలో నిలబడి నొక్కుతానే ఉన్నాడు. రమ్మని అరిసేం. అది మోగదని ఆయనకి తెలుసా?”

“తెలీదు పిన్నీ. నేను సెప్పేలోగా ఫోన్ కట్టయిపోయింది.”

రాజ్యం కొండ కింద సైరన్ స్తంభం వైపు చూసింది.

“మరి, మోగేదాకా నొక్కుతానే ఉంటాడు” అంది.