తలకట్టు పన్ను

గుడియాత్తంలో మా నేతవీధి వాళ్లు మా ఆయన ధనశేఖర్‌ని ఎగతాళిగా ఆర్థికమంత్రి అంటారు. వీధి అమ్మవారి గుడికి కోశాధికారి, అంతే. ఆ ముచ్చట చాలక ఈ ఏడు పన్ను మార్చడానికి బయలుదేరాడు. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

తిరునాళ్లకు మా వీధిలో ఇంటికింతని తలకట్టు పన్ను వేస్తారు. పది మరమగ్గాలుండి వీధికంతా నూలిచ్చే ధనపాల్‌కీ, మొగుడు పోయి ఒక్క చేతిమగ్గంతో బతికే పచ్చయమ్మకీ ఒకటే లెక్క. ఉన్నవాళ్లకు పెంచి, లేనివాళ్లకు తీసేయాలని మా ఆయన పట్టు. వేలూరు కాలేజీలో కామర్స్ చదివే మా అమ్మాయి లక్ష్మీప్రియ దానికి ఆజ్యం పోసింది.

"కెనడాలో ఒక మంత్రి ఇట్లనే చేసినాడు నాయనా. లేనోళ్లకు పన్ను తీసేసినాడు."

"తర్వాత ఆయనేమైనాడే?" అన్నాను.

"చట్టమైనాక వేరే శాఖకి మార్చేసినారు."

"విన్నావా? నీకు వేరే శాఖ యాడుండాది?" అని మా ఆయన మీద పడ్డాను. "ధనపాలన్న నూలు ఆపేస్తే మన మగ్గం మూలకు పడతాది."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ నూలే మా తిండి.

ఆదివారం గుడి ముందు కూటం పెట్టారు. మా ఆయన చెప్పిందంతా ధనపాల్ కళ్లు మూసుకొని విన్నాడు.

"సరి. అమ్మవారికే కదా, ఇస్తాను" అన్నాడు చివరికి.

హమ్మయ్య అనుకునేలోపే పచ్చయమ్మ లేచింది.

"నా పన్ను తీసేసినావా నాయనా?"

"ఔనమ్మా. నువ్వింక కట్టే పన్లేదు."

"అయితే అమ్మవారు మా ఇంటి ముందర నిలబడదా?"

తిరునాళ్లలో పన్ను కట్టిన గడప ముందే అమ్మవారి పల్లకి ఆగుతుంది, హారతి తీసుకుంటుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న కట్టుబాటు. అన్ని లెక్కలు వేసిన మా ఆయనకి అది తట్టలేదు. నూలు గురించి ఏడ్చిన నాకూ తట్టలేదు.

"నీకు ఊరికే నిలబెట్టిస్తానమ్మా" అన్నాడు.

"ఊరికేనా? పోతా పోతా బిచ్చమేసినట్టా?" అంది పచ్చయమ్మ. "ఆయన పోయినంక నన్ను పేరంటానికి పిలిచేవాళ్లు లేరు, పెండ్లికి పిలిచేవాళ్లు లేరు. నేనూ ఈ వీధి మనిషినే అని ఆ తల్లి ఒక్కతే వచ్చి నిలబడతా ఉండాది. అందరికీ ఎంతో నాకూ అంతే వేయి."

పచ్చయమ్మ ధనపాల్ వైపు తిరిగింది.

"అన్నా, ఈ నెల నూలు కొంచెం ఎక్కువ ఇయ్యి. నేసి కడతాను."