జింజ్‌లో పెళ్ళిచూపులు

మరియం జడ చివర రబ్బరు బ్యాండు వేస్తూ సత్యదుర్గ తనలో తనే నవ్వుకుంది. సంతోషం వస్తే దాచుకోవడం ఆవిడకి ఏనాడూ చేతకాలేదు. పదింటికి సర్కారు ఆఫీసు నుంచి ఒకావిడ వస్తుంది. నడవలేని మరియం కోసం ఇంటికే సహాయకుల్ని పంపాలో వద్దో చూసి రాసుకుంటుంది. వాళ్ళొస్తే సత్యదుర్గ రాజోలు వెళ్ళిపోవచ్చు. కూతురు జమునకి నెలలు నిండాయి, తొలికాన్పు. ఇరవయ్యేళ్ళ మరియంని ఎత్తి దించే మనిషి, తొమ్మిదేళ్ళుగా జింజ్‌లోని ఈ అరబ్బుల ఇంట్లో, పనికి కుదిరిన తనొక్కతే.

అందుకే పొద్దున్నుంచి ఒకటే హడావిడి. మరియంకి కాటుక పెట్టింది. చక్రాల కుర్చీని తలుపు వెనక్కి తోసి, పిల్లని సోఫాలో దిండ్ల మధ్య నిటారుగా కూర్చోబెట్టింది.

"తనే తింటుందా?" అని అడిగింది ఆఫీసరమ్మ.

"తనే తింటాదండి. స్నానం కూడా తనే," అంది సత్యదుర్గ, వచ్చీరాని అరబ్బీలో, గర్వంగా.

ఆఫీసరమ్మ పెన్ను మూసింది. "మరి సాయం దేనికి?"

పక్కనే కూర్చున్న మరియం తల్లి మొహం పాలిపోయింది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు గానీ, ఇక్కడ లోపం చూపిస్తేనే సంబంధం కుదురుతుంది. ఆ సంగతి సత్యదుర్గకి అప్పటిగ్గానీ తట్టలేదు. కంగారులో అరబ్బీ పోయి తెలుగు తన్నుకొచ్చింది.

"అబద్ధమాడేనండి. ముద్ద నేనే పెడతాను. స్నానానికి నేనే ఎత్తుతాను. రాత్రి మూడుసార్లు పక్క తిప్పకపోతే ఒళ్ళు పుళ్ళు పడిపోద్దండి. బయటోళ్ళ ముందు పిల్లని తక్కువ చెయ్యలేక అలాగన్నాను."

ఆఫీసరమ్మకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అప్పుడు, ఇన్నేళ్ళూ దుర్గ మాటలు వింటూ తెలుగు నేర్చుకున్న మరియం, ఒక్కో మాటా కష్టంగా కూడదీసుకుంటూ, అదంతా అరబ్బీలో చెప్పింది. ఏదీ వదల్లేదు. చెప్పి, సత్యదుర్గ వైపు తిరిగింది.

"నాకు సిగ్గు లేదు దుర్గా. రాయనీ."

పెన్ను మళ్ళీ తెరుచుకుంది. రెండు పేజీలు నిండాయి. వచ్చే ఆదివారం నుంచి ఇద్దరు వంతులవారీగా వస్తారని ఆఫీసరమ్మ చెప్పగానే, సత్యదుర్గ వంటింట్లోకి పరుగెత్తి ఫోన్ చేసింది.

"వచ్చేత్తన్నానే జమునా. నేనొచ్చేదాకా కనకు."

ఆదివారం కారు వచ్చింది. సత్యదుర్గ ఇక తిరిగి రాదని ఇద్దరికీ తెలుసు.

"సామాన్ అంతా సర్దుకున్నావా?" అంది మరియం.

"సర్దేసేనమ్మా," అంది సత్యదుర్గ, ఆ పిల్ల నుదురు తడిమి.

కొత్తగా వచ్చినామె గది ఊడవబోతే మరియం వద్దంది. మంచం పక్కన, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, సత్యదుర్గ పడుకునే చాప పరిచినట్టే ఉంది.