పాడ్వా నాటి యాంటెన్నా

నాకు అన్నిటికంటే పెద్ద భయం, మా బిడ్డ వైశాలి కంట్లో ఏదైనా గుచ్చుకుంటుందని. పాము, జ్వరం, బావి, అన్నీ దీని తర్వాతే. పిల్లకు మూడేళ్లు. చీపురు పుల్లయినా, చాట అంచయినా, మా అత్త తలలో పిన్నయినా, నాకు ముందుగా కనిపించేది దాని కొనే.

అలాంటి ఇంటికి మా మామ పోచన్న ఒక పాత కారు తెచ్చాడు. ఆవర్‌పూర్ సిమెంటు కాలనీలో రిటైరైన ఆఫీసరొకాయన అమ్ముతుంటే కొన్నాడు. పత్తి చేనుకు పోవడానికి కారెందుకని మా అత్త లస్మవ్వ అడిగితే రేడియో నొక్కి చూపించాడు. వెనక డిక్కీ పక్క రేకులోంచి జుయ్‌మంటూ ఒక తళతళలాడే కడ్డీ దానంతటదే పైకి లేచింది. రేడియో ఆపగానే లోపలికి పోయింది. ఆ రోజు నుంచి మామ పాటల కోసం కాదు, దాన్ని లేపడం కోసమే రేడియో పెట్టేవాడు. వైశాలిని చంకనెత్తుకుని, దగ్గరగా వంచి మరీ చూపించేవాడు.

ఒకరోజు ఆయన రేడియో ఆపకుండానే కారును కొట్టంలోకి పోనిచ్చాడు. యాంటెన్నా దూలానికి తగిలి వంగింది, కొన మీద గుండ్రటి బొడిపె ఊడిపోయింది. ఇక అది సగంలోనే నిలబడింది. లేవదు, దిగదు. మామ పిల్లను ఎత్తుకుంటే ఆ కొన సరిగ్గా పిల్ల కంటి దగ్గరికి వస్తుంది.

దిష్టి తగిలిందని అత్త అంది. తగిలింది దూలమని నేను అనలేదు.

మా ఆయన వినాయక్ మొదట ఫ్యూజు పోయిందన్నాడు, తర్వాత మోటారు కాలిందన్నాడు. రేడియో పెట్టినప్పుడల్లా లోపల మోటారు తిరిగే చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. కుట్టుమిషన్‌కు బెల్టు తెగితే చక్రం తిరుగుతుంది, సూది కదలదు, ఇదీ అట్లాంటిదేనన్నాను. ఆయన నవ్వి రాజురా టౌనుకు వెళ్లాడు. అక్కడ కార్ల కరెంటు పని చేసే సదానందం కూడా అదే మాట అన్నాడట. కడ్డీ అడుగున పళ్లున్న నైలాన్ తాడు ఉంటుంది, మోటారు దాన్ని తోస్తే కడ్డీ లేస్తుంది, లాగితే దిగుతుంది, ఆ తాడు తెగింది. తాడుతో సహా కొత్త కడ్డీ తెప్పిస్తానన్నాడు.

అది వచ్చేదాకా ఆ కొనను ఏం చేయాలి? గుడ్డ చుట్టాను, గాలికి పోయింది. టమాట గుచ్చాను, మేక తినేసింది. చివరికి ఇత్తడి చెంబు బోర్లించి, ఊడిపోకుండా నా పాత పట్టు జాకెట్టు ముక్కతో గట్టిగా కట్టాను. దూరం నుంచే కనబడాలని ఎర్ర ముక్కను ఏరి మరీ కట్టాను. ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

తెల్లారితే పాడ్వా, మా ఉగాదీ ఆ రోజే. మాకు ఉగాది పచ్చడి ఉంటుంది. మా ఊళ్లోని మరాఠీ వాళ్లు కర్రకు పట్టుబట్ట కట్టి, పైన చెంబు బోర్లించి ఇంటి ముందు గుఢీ నిలబెడతారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, అయినా నాకు తట్టలేదు. నేను లోపల మామిడికాయ తరుగుతుంటే పక్కింటి మరాఠీ ఆవిడ అర్చన తాయి వచ్చిందట. పోచన్న ఈసారి కారుకే గుఢీ కట్టాడని మురిసిపోయి, చెంబుకు పసుపు కుంకుమ పెట్టి, వేపమండ తగిలించి, చక్కెర బిళ్లల దండ వేసి మొక్కి పోయింది.

పిల్లలకు అందేంత ఎత్తులో చక్కెర దండ. నేను బయటికి వచ్చేసరికి వాడలోని పిల్లలంతా కారు చుట్టూ ఎగురుతున్నారు. మా వైశాలి వెనక బంపరెక్కి చెంబు పట్టుకుని గుంజుతోంది. కట్టు వదులై, చెంబు పక్కకు ఒరిగి, కొన బయటపడింది.

పిల్లను లాక్కుని కట్టు విప్పబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"పొద్దు గూకకముందే గుఢీని దించుతరా పిల్లా? ఇంటికి మంచిది కాదు."

"అది గుఢీ కాదత్తా. చెంబు."

"బొట్టు పెట్టినంక గుఢీనే."

మామ అత్త పక్షమే. అసలు తానే కట్టానని అప్పటికే వాడలో చెప్పుకున్నాడు. కొత్త కడ్డీ మా ఆయన ముందురోజు బాగా రాత్రయ్యాక తెచ్చాడు కానీ, పొద్దు గూకినాక బిగిద్దాంలే అన్నాడు. అందాకా ఆ పిల్లల్ని ఎవరు ఆపుతారు? ఇటు ఒకడిని తరిమితే అటు నుంచి ఇద్దరు వస్తున్నారు.

"దించుతలేనత్తా," అన్నాను. "ఇంకా మీదికి ఎక్కిస్త. చూరుకు కడితే కారు కన్న ఎత్తే గద."

అత్త కాసేపు చూరును, కాసేపు కారును చూసింది. "ఎక్కియ్. కిందికి మాత్రం జానెడు గూడ రావొద్దు."

మా ఆయన పానాతో కడ్డీ మొదట్లోని నట్టు విప్పాడు. చెంబు, బట్ట, వేప, దండతో సహా దాన్ని నిట్టనిలువుగా పైకి లాగాం. అత్త పక్కన నిలబడి "మీదికి, మీదికి" అంటూనే ఉంది. మా ఆయన దాన్ని నెత్తికి పైగా పట్టుకుని నిచ్చెనెక్కి చూరుకు కట్టాడు. తెగిన తాడు కింద తోకలా వేలాడింది. పిల్లలు తలలెత్తి చూసి, ఇక అందదని పచ్చడి అడగడానికి లోపలికి పోయారు.

ఎనిమిదితో బడి మానేసినదాన్ని, కొత్త కడ్డీ డబ్బా మీది ఇంగ్లీషు నాకు రాదు. బొమ్మలున్నాయి, వాటిని చూసుకుంటూ నేనే బిగించడం మొదలుపెట్టాను. మామను లోపల కూర్చోబెట్టి రేడియో పెట్టిస్తే, మోటారు లోపల మిగిలిన తాడు ముక్కను బయటికి కక్కింది. కొత్త తాడు దింపి రేడియో ఆపించాను. మోటారు తిరిగింది కానీ తాడును పట్టలేదు. బొమ్మ మళ్లీ చూశాను. తాడు పళ్లు మోటారు చక్రం వైపు ఉండాలి, నేను అవతలి వైపుకు తిప్పి పెట్టాను. మళ్లీ రేడియో పెట్టించి, సరిగ్గా తిప్పి దింపాను. పిల్ల కళ్లకు చెయ్యి అడ్డం పెట్టమంటే అత్త మారుమాట లేకుండా పెట్టింది.

"మామా, ఇగ బంద్ చెయ్యి."

"పాట అయిపోనియ్."

ఆదిలాబాద్ స్టేషన్ పాట. నా చెయ్యి కదిలితే గరగరమంటోందని, కదలొద్దని కూడా చెప్పాడు. పాట ముగిసేదాకా ఆ కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఆపగానే జుయ్‌మని తాడు నా చేతుల్లోంచి లోపలికి జారింది, వెంట కడ్డీ మొత్తం దిగిపోయింది. రేకు మీద చెయ్యి పెట్టి తడిమాను. గుండ్రటి బొడిపె తప్ప ఏమీ తగల్లేదు.

పొద్దు గూకినాక అత్తే గుఢీని దించి, దండ తెంపి పిల్లలందరికీ పంచింది. వంగిన కడ్డీని మాత్రం పారేయనివ్వలేదు, వచ్చే పాడ్వాకు కావాలట.

కొత్త కడ్డీ పాతదానికన్నా జోరుగా లేస్తోంది. అందుకని మామ పిల్లను ఎత్తుకుని, కిటికీలోంచి చెయ్యి పెట్టి రేడియో నొక్కి, పరుగున వెనక్కి వెళ్లి చూపిస్తున్నాడు. నేను ఎంతసేపని కాపలా ఉండను? మీరెప్పుడైనా మా ఊరు విరూర్ వస్తే, స్టేషన్ దారిలో ఒక పాత కారు యాంటెన్నా లేస్తూ దిగుతూ కనిపిస్తే, దయచేసి ఆగి మా వైశాలి ఎక్కడుందో ఒకసారి చూడండి. మామ చంకలో ఉంటే తీసుకుని అత్తకు ఇవ్వండి.